ఫుట్‌సాల్ ఆటయు దాని ప్రపంచ కప్పును

ఆటలలో కొన్ని విశాలమైన మైదానములలో పుట్టినవి. కొన్ని ఇఱుకు తావులలో పుట్టినవి. మొదటి తెగకు చేరిన క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాల్ మొదలగువానిని మన మందఱము నెఱుగుదుము. రెండవ తెగకు చేరిన యొక యాటను గూర్చియు, ఆ యాటలో దేశదేశముల పురుషుల జట్లు సామాన్యముగా నాలుగేండ్ల కొకమాఱు తలపడెడి ప్రపంచ కప్పును గూర్చియు ఈ వ్యాసమున వివరింప దలచితిమి. ఆ యాట పేరు ఫుట్‌సాల్.

చదువరులలో కొందఱు "మన బాలు రాడని యాటను గూర్చి మన సంచికలో నేల వ్రాయవలెను?" అని యడుగవచ్చును. అందులకు రెండు సమాధానములు కలవు. ఈ యాట మన మిషను పాఠశాలలకు బంధువనదగిన యొక క్రైస్తవ సంస్థ ముంగిట పుట్టినది. ఇది మొదటి సమాధానము. "మాకు మైదానము లేదు, కావున మా పిల్లలకు ఆటలు లేవు" అని చెప్పుకొనెడి పాఠశాలలు మన తెలుగునాట నేటికిని గలవు. ఆ మాట పలికెడి ఉపాధ్యాయులును, విని యూరకుండెడి తలిదండ్రులును ఈ యాట చరిత్రమును తెలిసికొనుట యవసరము. ఇది రెండవ సమాధానము.

ఆట పుట్టుక

1930వ సంవత్సరమున దక్షిణ అమెరికా ఖండమందలి ఉరుగ్వే దేశమంతయు ఫుట్‌బాల్ ఉత్సాహముతో నుప్పొంగుచుండెను. ఆ చిన్న దేశము 1924, 1928 సంవత్సరముల ఒలింపిక్ పోటీలలో ఫుట్‌బాల్ బంగారు పతకములను గెలుచుకొనెను. పిమ్మట 1930 జూలై 30వ తేదీన తన రాజధానియైన మొంటెవీడియో నగరముననే జరిగిన మొట్టమొదటి ప్రపంచ కప్పు తుదిపోటీలో పొరుగు దేశమైన అర్జెంటీనాను 4-2 గోలులతో నోడించెను. ఇట్టి దేశమున బాలురు బంతిని తన్నకుండ నుందురా? కాని జట్టునకు పదునొకండుగురు చొప్పున నాడుటకు వలసిన మైదానములు అందఱు బాలురకును ఎక్కడ దొరకును?

ఆ నగరమందలి క్రైస్తవ యువజన సంఘమున, అనగా వై.యం.సి.ఏ.లో, హువాన్ కార్లోస్ సెరియానీ అను వ్యాయామోపాధ్యాయు డుండెను. బాలురు ఫుట్‌బాల్ కావలె ననిరి. అందుబాటులో నున్నది బాస్కెట్‌బాల్ కోర్టు. ఆయన బాలుర కోరికను త్రోసివేయలేదు. చోటు చాలదని విచారించుచు కూర్చుండను లేదు. చోటునకు దగినట్లుగా ఆటనే దిద్దెను. జట్టున కైదుగురను లెక్కను, నలువది నిమిషముల కాలమును బాస్కెట్‌బాల్ నుండి గైకొనెను. కోర్టు కొలతను, చిన్న గోలును హ్యాండ్‌బాల్ నుండి తెచ్చెను. గోల్‌కీపరునకు సంబంధించిన నియమములను నీటిలో నాడెడి వాటర్ పోలో నుండి గ్రహించెను. ఆటకు జీవమైన బంతిని కాలితో నడపుటను మాత్రము ఫుట్‌బాల్ నుండి యుంచెను. నాలుగిండ్ల నుండి దినుసులు తెచ్చి యొక యింట వండిన వంటవలె ఈ క్రొత్త యాట సిద్ధమయ్యెను.

ఆ సంఘ చరిత్రమున నిట్టి పని యిదియే మొదటిది కాదు. 1844లో జార్జి విలియమ్సు లండను నగరమున స్థాపించిన ఈ సంఘము యువకుల ఆత్మ, మనస్సు, దేహము మూడును వృద్ధి పొందవలెనను సంకల్పముతో ననేక దేశములకు వ్యాపించినది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున ఈ సంఘపు శిక్షణాలయములో ఉపాధ్యాయుడుగ నుండిన జేమ్సు నైస్మిత్తు, చలికాలమున ఇంటిలోపల నాడుకొన దగిన యాట కావలసివచ్చినప్పుడు, 1891లో రెండు పండ్లబుట్టలను గోడల కెత్తుగా కట్టించి బాస్కెట్‌బాల్ కల్పించెను. 1895లో హోల్‌యోకు పట్టణపు సంఘమున విలియం మోర్గను వాలీబాల్ కల్పించెను. నేడు మన పల్లెలలో రెండు గుంజలు పాతి, వల కట్టి, సాయంకాలము వాలీబాల్ ఆడుకొను యువకులలో నెందఱు ఆ పేరు విని యుందురు? మన దేశమునను 1920లో హారీ క్రో బక్కుగారు మద్రాసున ఈ సంఘము పక్షమున వ్యాయామ కళాశాలను స్థాపించిరి. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే గనుక, అచ్చట శిక్షణము పొందిన డ్రిల్లు మాస్టరులు మన పాఠశాలలకును వచ్చిరి. కావున సెరియానీగారు మనకు దూరపు చుట్టమే గాని పరాయివారు కారు.

మొంటెవీడియో నుండి ఈ యాట బ్రెజిలు దేశమున కెగబ్రాకెను. సావ్ పావ్లో నగరపు క్రైస్తవ యువజన సంఘముననే ఇది మొదలైనదని వాదించువారును బ్రెజిలులో గలరు. వాద మెట్లున్నను, ఆట ననేక నియమములతో తీర్చిదిద్దిన కీర్తి ఆ దేశమునకు గలదు. బంతి మిక్కిలి యెగిరి కిటికీల వెంట బోవుచుండుటచే, తొలిదినములలో దానిలో ఱంపపుపొట్టును, గుఱ్ఱపు వెండ్రుకలను కూరి బరువు చేసెడివారు. అందుచే నిది అచ్చట "బరువు బంతి యాట" యని పేరొందెను. ఫుట్‌సాల్ అను నేటి పేరు మాత్రము "సాలలో నాడెడి ఫుట్‌బాల్" అను నర్థమిచ్చు స్పానిషు, పోర్చుగీసు మాటల సంక్షేప రూపము.

నియమములును, వాని కారణములును

ఈ యాట నియమములను వట్టిగా వల్లించిన ప్రయోజనము లేదు. ఒక్కొక్క నియమము వెనుక నేమి యాలోచన గలదో చూచినచో విషయము బోధపడును.

దేశముల పోటీలలో కోర్టు పొడవు సుమారు 40 మీటరులు, వెడల్పు 20 మీటరులు. అనగా 131 అడుగుల పొడవు, 66 అడుగుల వెడల్పు. పెద్ద ఫుట్‌బాల్ మైదానము సామాన్యముగా 105 మీటరుల పొడవును, 68 మీటరుల వెడల్పును గలిగియుండును. విద్యార్థులు హెచ్చవేత చేసి చూడుడు. పెద్ద మైదానము 7,140 చదరపు మీటరులు; ఇది 800 మాత్రమే. ఒక పెద్ద మైదానమున నించుమించు తొమ్మిది ఫుట్‌సాల్ కోర్టులు పట్టును. ఇరువదియిద్దఱు ఆటగాండ్రకు పెద్ద మైదానమును పంచినచో నొక్కొక్కనికి 324 చదరపు మీటరులు వచ్చును; ఫుట్‌సాల్‌లో పదిమందికి పంచినచో నొక్కొక్కనికి 80 మాత్రమే. అనగా ఆటగాని పాలికి వచ్చెడి చోటు నాలుగవ వంతున కించుమించుగా తగ్గినది. చోటు తగ్గినచోట ఆలోచన పెరుగవలెను. బంతి కాలికి దగులక మున్నే దాని నెవరి కందింపవలెనో నిశ్చయించుకొనని వాడు ఈ యాటలో నిలువజాలడు.

గోలు వెడల్పు 3 మీటరులు, ఎత్తు 2 మీటరులు. బంతి పెద్ద ఫుట్‌బాల్ కన్న చిన్నదైనను బరువున దాదాపు దానితో సమానము: చుట్టుకొలత 62 మొదలు 64 సెంటీమీటరులు, బరువు 400 మొదలు 440 గ్రాములు. రెండు మీటరుల యెత్తునుండి విడిచినచో మొదటి మాఱు 50 సెంటీమీటరులకు తక్కువ గాకుండ, 65కు మించకుండ ఎగురవలెను. ఇట్టి బంతి నేలను విడువదు. కావున బలముగా తన్నువాని కన్న నేర్పుగా నడపువానికి మేలు గలుగును. పాదపు అడుగు భాగముతో బంతిని త్రొక్కి యాపుట ఈ యాటకు ప్రత్యేకమైన విద్య.

జట్టునకు గోల్‌కీపరుతో గూడ నైదుగురు. వెలుపల తొమ్మండుగురు వఱకు వేచియుండవచ్చును. ఆట నాపకుండగనే వారు లోపలికి వచ్చుచు, అలసినవారు వెలుపలికి పోవుచు నుందురు. ఒకసారి వెలుపలికి వచ్చినవాడు మరల లోపలికి పోవచ్చును. ఈ నియమము వలన బల్లమీద కూర్చున్నవాడును ఆటగాడే గాని ప్రేక్షకుడు కాడు. ఇరువది నిమిషముల భాగములు రెండు. బంతి కోర్టు దాటినను, ఆట యాగినను గడియారమును గూడ నాపుదురు. అందుచే గెలుచుచున్నవారు కాలము గడపుటకై నటించుట వ్యర్థము. బంతి ప్రక్కగీతను దాటినచో చేతితో విసరక, గీతపై నుంచి కాలితో తన్నుదురు. దానికిని, గోల్‌కీపరు తన సగభాగమున బంతి నుంచుకొనుటకును నాలుగు సెకండ్లే గడువు. ఆఫ్‌సైడు నియమము లేదు.

మోటుదనమును అణచుటకు చేసిన యేర్పాటు మిక్కిలి గమనింపదగినది. ఒక భాగములో జట్టు చేసిన ముఖ్యమైన ఫౌలుల నన్నింటిని గుదిగూర్చి లెక్కింతురు. ఐదు వఱకు సరి. ఆఱవ దాని నుండి ప్రతి ఫౌలునకును ఎదుటి జట్టునకు, అడ్డుగా గోడవలె నెవ్వరు నిలువకుండ, గోలునకు 10 మీటరుల దూరమున గల గుఱుతునుండి నేరుగా తన్నెడి హక్కు గలుగును. తప్పు చేసినవా డొకడు, శిక్ష యనుభవించునది జట్టంతయు. కనుక ప్రతి ఆటగాడును తోడివాని కోపమునకు కావలి కాయవలసివచ్చును. ఎఱ్ఱకార్డు పొందినవాడు మరల రాజాలడు; వాని జట్టు రెండు నిమిషములు, లేక ఎదుటివారు గోలు చేయువఱకు, ఒకడు తక్కువగా నాడవలెను.

ఇంకొక చిత్రము గలదు. ఓడుచున్న జట్టు ఆట చివర తన గోల్‌కీపరును వెలుపలికి పిలిచి, వాని చొక్కాయి వేసికొనిన మేటి యాటగానిని ముందునకు పంపును. అప్పుడు ఐదుగురు ముట్టడించుచుండ నలుగురు కాచుచుందురు. కాని బంతి చేజాఱెనా, వెనుక గోలు బావివలె తెఱచియుండును. ధైర్యమునకు, తెగింపునకు గల భేదమును ఆ రెండు మూడు నిమిషములలో చూడనగును.

ప్రపంచ కప్పు చరిత్రము

ఈ యాటకు 1971లో ప్రత్యేకముగ నొక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది. ఆ సమాఖ్య ఆధ్వర్యవమున 1982లో బ్రెజిలులోను, 1985లో స్పెయిన్‌లోను, 1988లో ఆస్ట్రేలియాలోను ప్రపంచ పోటీలు జరిగెను. మొదటి రెండింటిని బ్రెజిలును, మూడవదానిని పరగ్వేయును గెలిచినవి. పిదప ఫుట్‌బాల్ ఆటకు పెద్ద సంస్థయైన ఫిఫా తానే ఈ భారమును వహించి 1989లో తన మొదటి పోటీని జరపెను. నాటినుండి 2024 వఱకు పది పోటీలు నడచినవి. వాని తుదిఫలితముల నీ క్రింద చూపుచున్నాము.

1989, నెదర్లాండ్స్: బ్రెజిలు 2, నెదర్లాండ్స్ 1.
1992, హాంగ్‌కాంగ్: బ్రెజిలు 4, అమెరికా 1.
1996, స్పెయిన్: బ్రెజిలు 6, స్పెయిన్ 4.
2000, గ్వాటెమాలా: స్పెయిన్ 4, బ్రెజిలు 3.
2004, తైవాన్: స్పెయిన్ 2, ఇటలీ 1.
2008, బ్రెజిలు: బ్రెజిలు 2, స్పెయిన్ 2, పెనాల్టీలలో బ్రెజిలు 4-3.
2012, థాయిలాండ్: అదనపు కాలమున బ్రెజిలు 3, స్పెయిన్ 2.
2016, కొలంబియా: అర్జెంటీనా 5, రష్యా 4.
2021, లిథువేనియా: పోర్చుగల్ 2, అర్జెంటీనా 1.
2024, ఉజ్బెకిస్తాన్: బ్రెజిలు 2, అర్జెంటీనా 1.

ఈ పట్టికను శ్రద్ధగా చూచినవారికి రెండు సంగతులు తోచును. బ్రెజిలు ఆఱుమాఱులు, స్పెయిన్ రెండుమాఱులు, అర్జెంటీనా, పోర్చుగల్ ఒక్కొక్కమాఱు గెలిచినవి. అనగా కప్పు నాలుగు దేశములను దాటి పోలేదు. ఇది మొదటి సంగతి. పది తుదిపోటీలలో ఏడు ఒక్క గోలు తేడాతో తేలినవి. ఎనిమిదవది పెనాల్టీల వఱకు పోయినది. ఇది రెండవది. కావున బలవంతులే గెలుచుచున్నను, ఆ గెలుపు వారికి సులభముగ చిక్కుట లేదు. 

మొదటి పోటీలలో పదునాఱు జట్లు మాత్రమే యుండెడివి. 2008లో ఇరువదియు, 2012 నుండి ఇరువదినాలుగును ఆడుచున్నవి. ఇప్పటి పద్ధతి ప్రకారము నాలుగేసి జట్లు గల ఆఱు వర్గము లేర్పఱచుదురు. ప్రతి వర్గమునను మొదటి యిద్దఱును, మూడవ స్థానమున నిలిచినవారిలో మేలైన నలుగురును, మొత్తము పదునాఱు జట్లు ముందుకు సాగును. అచ్చటినుండి ఓడినవారు ఇంటికి బోవలసినదే. 2020లో జరుగవలసిన పోటీ కోవిడ్ మహమ్మారి కారణముగ 2021కి వాయిదా పడెను. ఆ పోటీలో పోర్చుగల్ జట్టు నాయకుడైన రికార్డీన్యో దీర్ఘకాలము గాయముచే బాధపడి, కోలుకొని, ముప్పదియాఱవ యేట తన దేశమునకు మొదటి కప్పును సంపాదించి పెట్టెను. కౌనాస్ నగరమున జరిగిన తుదిపోటీలో ఆ జట్టు చేసిన రెండు గోలులును పానీ వరేలావే. స్త్రీల జట్లకును ఫిఫా తన మొదటి ఫుట్‌సాల్ ప్రపంచ కప్పును 2025లో ఫిలిప్పీన్స్ దేశమున జరిపినది. మన పాఠశాలల బాలికలు దీనిని గమనింతురు గాక.

ఓడినవారి వలన నేర్వదగినది

గెలిచినవారి పేరులు పట్టికలలో నుండును. ఈ పోటీలో మా మనస్సున కెక్కువ హత్తుకొనినవి పట్టికల కెక్కని కథలు. వానిలో మూడింటిని చెప్పెదము.

పసిఫిక్ మహాసముద్రమున సొలొమోను ద్వీపములను దేశము గలదు. 1568లో ఆ ద్వీపములను చూచిన స్పెయిను నావికుడు మెండాన్యా యాత్ర కారణముగ, వేదాగమమందలి సొలొమోను రాజు సంపదను తలపించునట్లు ఆ పేరు వానికి గలిగినది. కాని ఆ దేశ జనసంఖ్య పదిలక్షలకు లోపు; సంపదయు స్వల్పమే. 2008లో ఆ జట్టు మొదటిసారిగా ఫుట్‌సాల్ ప్రపంచ కప్పునకు వచ్చెను. బ్రెజిలు వారిని 21-0 గోలులతో నోడించెను. రష్యా 31-2 గోలులతో నోడించెను. నలువది నిమిషములలో ముప్పదియొక్క గోలులనగా సుమారు 77 సెకండ్ల కొకటి! ఇట్టి యవమానము పిమ్మట నెవరైనను ఇంటికి బోయి ఆట మానుకొనవచ్చును. వారు మానలేదు. నాలుగేండ్లకు 2012లో మరల వచ్చిరి. ఆ సారియు రష్యా 16-0తో గెలిచెను. కాని ఆ పోటీలోనే సొలొమోను జట్టు గ్వాటెమాలాను 4-3 గోలులతో నోడించి ప్రపంచ కప్పున తన మొదటి విజయమును పొందెను. ఒక్క విజయము! లోకము దృష్టిలో నది స్వల్పము. ముప్పదియొక్క గోలులు తిని మరల వచ్చినవారి దృష్టిలో నది యెంతటిదో పరీక్షలో తప్పి, మరల కూర్చుండి, ఉత్తీర్ణుడైన విద్యార్థి చెప్పగలడు.

రెండవ కథ 2016లో కొలంబియాలో జరిగినది. బ్రెజిలు దేశపు ఫల్కావ్ ఈ యాటలో ప్రసిద్ధులలో ప్రసిద్ధుడు. ఐదు ప్రపంచ కప్పులలో 48 గోలులు చేసినవాడు. ముప్పదితొమ్మిదేండ్ల వయస్సున నది ఆయనకు కడపటి కప్పు. కడపటి పదునాఱు జట్ల ఘట్టమున బ్రెజిలు, ఇరాను జట్లు 4-4 గోలులతో సరిసమానముగ నిలిచెను. పెనాల్టీలలో ఇరాను 3-2తో గెలిచెను. అంతకు పూర్వ మేడు పోటీలలో నొక్కసారియు మొదటి రెండు స్థానములలోనికి రాకుండ పోయినది బ్రెజిలు 2004లో మాత్రమే. అట్టి జట్టును కూలద్రోయుట ఇరానువారికి పండుగ కాదా? ఐనను వారేమి చేసిరి? తాము ఓడించిన జట్టులోని ఫల్కావ్‌ను చేతులమీద కెత్తుకొని, గాలిలో నెగురవేసి సన్మానించిరి. మతము వేఱు, భాష వేఱు, ఖండము వేఱు. ఐనను పెద్దవాని పెద్దఱికమును గుర్తించుటకు వారి గెలుపు అడ్డు రాలేదు. పోటీలో నెదుటివానిని శత్రువుగ జూచెడి వారందఱు ఈ దృశ్యమును తలచుకొనవలెను.

మూడవది 2024 నాటిది. యుద్ధములచే నలిగిన ఆఫ్గనిస్తాను దేశపు జట్టు తన మొదటి ఫుట్‌సాల్ ప్రపంచ కప్పునకు ఉజ్బెకిస్తాను చేరెను. అచ్చట అంగోలాను 6-4తో గెలిచి, వర్గమున మూడవ స్థానమున నిలిచినను మేలైనవారిలో నొకరై, కడపటి పదునాఱు జట్లలో చేరెను. ఆపై పరగ్వే 3-1తో వారిని నిలువరించెను. విశాలమైన పచ్చిక మైదానములును, ఇరువదిరెండుగురు ఆటగాండ్రును సమకూడని దేశమునకు ఐదుగురి యాట యెంత తోడగునో ఇందు చూడవచ్చును.

మన దేశము, మన ముంగిళ్లు

భారతదేశపు జట్టు 2024 వఱకు జరిగిన ఫుట్‌సాల్ ప్రపంచ కప్పులలో దేనియందును ఆడలేదు. 2021లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఢిల్లీ నగరమున క్లబ్బుల మధ్య మొదటి ఫుట్‌సాల్ పోటీని జరపినది. 2023 అక్టోబరున మన జాతీయ జట్టు ఆసియా కప్పు అర్హత పోటీలలో మొదటిసారిగా పాల్గొన్నది. మన మీ మార్గమున తొలి యడుగులు వేయుచున్న వారము.

ఐనను చిన్న చోట, చిన్న నియమములతో నేర్పు గడించు విద్య మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు నగరమున ఉపాధ్యాయుడుగ నుండి, భారత ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడై, 1951, 1962 సంవత్సరముల ఆసియా క్రీడలలో బంగారు పతకములను, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమును సాధించిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు తన శిష్యులకు వాటము లేని కాలితోనే యాడవలెనను పోటీలను పెట్టి నేర్పెడివారు. కట్టడి యనునది ఆటగానిని బంధించుటకు గాదు, వానిలో నిద్రించుచున్న శక్తిని మేలుకొల్పుటకే యని ఆయన యెఱుగును. బ్రెజిలు దేశమున పెలే, జీకో, రొనాల్డీన్యో, నెయ్‌మార్ వంటి మేటి ఫుట్‌బాల్ ఆటగాండ్రు బాల్యమున ఫుట్‌సాల్ ఆడి చేయి తిరిగినవారే. కాలు తిరిగినవారనుట మఱింత సమంజసము.

ఇక మన ముంగిళ్ల సంగతి. ఒక తరగతిలో నలువదిమంది బాలురుందురనుకొందము. పదునొకండుగురి యాటలో ఇరువదియిద్దఱాడుదురు; పదునెనమండుగురు గట్టున నిలిచి చప్పట్లు కొట్టుదురు. ఆ పదునెనమండుగురు ప్రతి సంవత్సరము ఇంచుమించు వారే యగుదురు: పొట్టివారు, బలహీనులు, సిగ్గరులు. ఐదుగురి చొప్పున విభజించినచో ఎనిమిది జట్లగును. పది నిమిషముల కొక జోడు చొప్పున నాడించినచో నలువది నిమిషములలో నలువదిమందియు బంతిని తాకుదురు. కోర్టు చిన్నదగుటచే బంతి యొకని కాలి నుండి మఱియొకని కాలికి వచ్చుచునే యుండును గాని, ఎవ్వనికిని నిలువబడి చూచెడి తీఱిక యుండదు. మా అభిప్రాయమున ఈ యాటకు గల గొప్ప గుణమిదియే. కప్పులు గెలుచుట నాలుగు దేశముల వంతు కావచ్చును. బంతిని తాకుట ప్రతి బాలుని హక్కు.

ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. ఫుట్‌సాల్ నియమావళి కఱ్ఱపలకల నేలను గాని, నునుపైన కృత్రిమపు నేలను గాని కోరుచు, సిమెంటును, తారును వర్జింపుమని చెప్పుచున్నది. మన పాఠశాలలలో నట్టి సాలలు అరుదు. సిమెంటు ముంగిట నాడి మోకాళ్లు పగులగొట్టుకొనుట కన్న, రాళ్లేఱి, నీళ్లు చల్లి చదును చేసిన మట్టినేలపై సున్నముతో గీతలు గీసికొని యాడుట మేలు. అది సరియైన ఫుట్‌సాల్ కాదని యెవరైనను ఆక్షేపింపవచ్చును. సెరియానీగారు బాలురకు నేర్పినదియు నాడు ఎవరును "సరియైనది" అని యంగీకరించిన ఆట కాదు గదా!

"ఆటలు చదువును చెఱచును" అనెడి తలిదండ్రులకు వినయముతో నొక మాట. హద్దు లేని యాట చదువును చెఱచుననుట నిజమే. ఈ యాట హద్దులతోనే నిర్మింపబడినది. నాలుగు సెకండ్లలో నిశ్చయించుకొనుట, తన తప్పు జట్టున కెట్టి చేటు తెచ్చునో ముందే యోచించుట, అలసినప్పుడు తోడివానికి తావిచ్చి వెలుపలికి వచ్చుట, ఓడి చేయి చాచుట: ఇవి కోర్టుపై నేర్చినను, వెలుపల గూడ నక్కఱకు వచ్చెడి పాఠములే.

సువార్తలోని తలాంతుల యుపమానము మన విద్యార్థులకు క్రొత్త గాదు. ఒక్క తలాంతును మాత్రమే పొందినవాడు దానిని భూమిలో పాతిపెట్టి నిందకు పాత్రుడయ్యెను. అది స్వల్పమని వాని నెవరును మన్నింపలేదు. మొంటెవీడియో వ్యాయామోపాధ్యాయునకు దొరకినది ఒక బాస్కెట్‌బాల్ కోర్టు, కొందఱు బాలురు. ఆయన దానిని పాతిపెట్టలేదు. కావుననే నేడు ఇరువదినాలుగు దేశముల జట్లు ఆ యాట కొఱకు సముద్రములు దాటి వచ్చుచున్నవి. మన పాఠశాలలకు, మన పల్లెలకు గల ముంగిళ్లు చిన్నవి కావచ్చును. వానిని కొలిచి చూచి, చాలవని చెప్పుటకు మున్ను, వానిలో నేమి యాడవచ్చునో యోచింప వలసినదిగా ఉపాధ్యాయులను, తలిదండ్రులను, విద్యార్థులను గోరుచున్నాము.